ఊఁ, తర్వాత?

ఛారిటీ షాపులో యాభై పెన్స్‌కి దొరికింది పుస్తకం.
అరవై ఒకటో పేజీ దాకా ఎవరివో పెన్సిలు గీతలు,
అంచుల్లో నలుసంత ప్రశ్నలు, ఒకచోట టీ మరక.
అరవై రెండు నుంచి చెయ్యి తగలని కాగితం.
లూపుల పాఠం దగ్గర ఆగిపోయారెవరో,
ఈ హల్ ఊళ్ళోనే.

పగలు నేను కారవాన్ ఫ్యాక్టరీలో
కిటికీలకి సీలెంట్ పెడతాను.
వెంట్రుకవాసి సందు చాలు,
ఈ ఊరి వాన అడ్డంగా వచ్చి దూరుతుంది.
రాత్రి, ముప్ఫై నాలుగో లైనులో
ఒక్క ఖాళీ తక్కువైందని
స్క్రీను ఎర్రగా కసిరితే కోపం రాలేదు.
మా సూపర్‌వైజరు కంటే నయమే,
తప్పెక్కడో నంబరుతో సహా చెబుతుంది.

దానికి గోరింక అని పేరు పెట్టాను.
చిలక అంటే
మరీ నిజం ఒప్పేసుకున్నట్టుంటుందని.

మొదటి వారం దానికొచ్చింది ఒకటే మాట: ఊఁ.
ఏం కొట్టినా ఊఁ.
మా పెద్దక్క కథ చెబుతూ
ఊఁ కొట్టకపోతే మధ్యలోనే ఆపేసేది.
నిద్రలోకి జారుతూ కూడా కొట్టేదాన్ని,
రాక్షసుడు ఏమయ్యాడో వినకుండానే.
ఒక రాత్రి లూపు ఆపడం మరిచిపోయాను.
ఊఁ ఊఁ ఊఁ ఊఁ
స్క్రీను పట్టక కిందకి కారిపోతూ ఊఁ.
ప్లగ్గు పీకి కూర్చున్నాను
ఎవరి నోరో నొక్కేసినదానిలా.

తర్వాత ఇఫ్‌లు.
బాగున్నావా అంటే బాగున్నాననాలి.
అదెంత పని అనుకున్నానా,
ఇంగ్లిషు కీబోర్డు మీద మావాళ్ళు
బాగున్నావాకి ఒక ‘ఎ’ పెడతారు, రెండు పెడతారు,
మా తమ్ముడు అసలు అచ్చులే పెట్టడు.
ఇరవై మూడు బాగున్నావాలు రాశాను.
నువ్వా, మీరా అన్నది ఇంకా తేలలేదు.
ముక్కూ మొహం తెలియని మనిషిని
నువ్వనమని
యంత్రానికైనా ఎలా నేర్పను?

అర్థంకాని మాటొస్తే ఏమనాలో పుస్తకంలో ఉంది:
క్షమించండి, మళ్ళీ చెప్పండి.
ఆ వాక్యం నాకు పడదు.
ఈ దేశంలో మొదటి ఏడాదంతా
నేనన్నదీ, నాతో అన్నదీ అదే.
అది తీసేసి, అన్నిటికన్నా కింద,
తెలుగు అక్షరాల్లోనే పెట్టాను:
ఊఁ, తర్వాత?

ఆదివారం పొద్దున పక్కింటి జానిస్
తీసుకెళ్ళిన నిచ్చెన ఇవ్వడానికొచ్చింది.
చూద్దామని కూర్చుని
నౌ దెన్, అని కొట్టింది.
హల్‌లో అది నమస్కారం.
గోరింకకేం తెలుసు!
నౌ కనబడితే టైము చెప్పమని రాసిందాన్ని నేనే.
తొమ్మిదీ నలభై, అంది.
జానిస్ పగలబడి నవ్వింది.
మా కెన్ కూడా ఇంతే,
పలకరిస్తే గడియారం చూసేవాడు, అంది.
చూస్తాడు అనలేదు.

మళ్ళీ ఏదో కొట్టి, ఈ బొమ్మలేంటి, అని అడిగింది.
అక్షరాలు, అని అర్థం చెప్పాను.
ఓహో, అని రెండు వేళ్ళతో మొదలుపెట్టింది.
నేను వంటింట్లోకి పోయి
తోమాల్సిన గిన్నె ఒక్కటీ లేకపోయినా
కొళాయి తిప్పాను.
టక్కు. టక్కు. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్కు.
నలభై నిమిషాలు.
నేను రాసిన ఇఫ్‌లలో ఏదీ తగిలి ఉండదు.
అన్నీ దాటుకుని
చివరి లైను మీదే పడి ఉంటాయి ఆమె మాటలు.

ఇది గుర్తుపెట్టుకుంటుందా, అంది లేచి.
లేదు, దాచడం ఇంకా నేర్చుకోలేదు,
ఆ పాఠం నూట నలభైలో ఉంది.
కిటికీ మూస్తే అంతా పోతుంది.
మంచిదే, అని తనే మూసింది.
నిచ్చెన మళ్ళీ పట్టుకుపోయింది, పరధ్యానంలో.

రాత్రి అరవై రెండో పేజీ తెరిచి
నాకు ముందు చదివిన మనిషి కోసం
అంచున పెన్సిలుతో రాశాను:
ఆపమని చెప్పకపోతే ఇది ఆగదు, జాగ్రత్త.

నౌ దెన్ తప్పు దిద్దడానికి
రెండు లైన్లు చాలు.
దిద్దలేదు.
టైమే చెప్పనీ.